లోటుకో చోటు

కంప్యూటర్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంకొకరి కోసం కాచుకుని కూర్చుంటారు. ప్రాసెసర్ లెక్క తేల్చేదాకా గ్రాఫిక్స్ కార్డుకు పనుండదు. కార్డు బొమ్మ గీసేదాకా ప్రాసెసర్ గోళ్ళు గిల్లుకుంటూ ఉంటుంది. ఇంకా హార్డ్‌డిస్క్ మీదే ఆటలు పెట్టుకున్న ఇంట్లో అయితే ఇద్దరూ కలిసి దాని మొహం చూస్తుంటారు. డబ్బున్నవాడికి ఈ లోపలి గొడవలు తెలియవు. పాతది ఎవరికో ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటాడు. ముప్ఫై వేలు దాటకూడదని ఇంట్లో మాటిచ్చి వచ్చినవాడే పక్క రేకు విప్పి, ఎవరు ఎవరిని ఆపుతున్నారో కనిపెట్టాలి. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఆ పిండి ఏ పెనం మీద వెయ్యాలో మాత్రం చెప్పలేదు.

నా యంత్రం 2018 నాటిది. రైజెన్ 3 1200 ప్రాసెసర్, బీ350 బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. కొన్నప్పుడు పిల్లల చదువు కోసమని చెప్పాను, ఇంట్లో ఎవరూ నమ్మలేదు. 2025 అక్టోబరులో దానికి రెండు నోటీసులు ఒకేసారి అందాయి. 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో మొదటి తరం రైజెన్ పేరు లేదు. అదే నెలతో 1050 టీఐ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు తయారుచెయ్యడం ఎన్‌విడియా ముగించింది. ఇకమీదట భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రమే, అవీ 2028 అక్టోబరు దాకానే. ఈ సంగతులేవీ పట్టనట్టు మర్నాడు పొద్దున్న మీట నొక్కగానే అది ఎప్పటిలాగే లేచి కూర్చుంది.

నేను ఆడేవి ముఖ్యంగా రెండు ఆటలు. ఒకటి సైబర్‌పంక్ 2077. అందులో నియాన్ దీపాలు, వాన నీళ్ళలో వాటి నీడలు, గీయాల్సింది కొండంత. రెండోది 2015లో వచ్చిన సిటీస్: స్కైలైన్స్. అందులో ఊరు కట్టాలి, రోడ్లు వెయ్యాలి. ప్రతి మనిషీ ఎక్కడ ఉంటాడు, ఎక్కడ పనిచేస్తాడు, ఏ దారిన వెళ్తాడు అన్నది ఆట లెక్కగడుతూ ఉంటుంది. (రోజంతా పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడి ఇంటికొచ్చినవాడు మళ్ళీ ట్రాఫిక్ ఆట ఆడటమేమిటని మా ఆవిడ అడుగుతుంది. ఇక్కడైతే ఫ్లైఓవర్ నేనే కట్టుకోవచ్చు కదా.) మొదటి ఆటలో నా గ్రాఫిక్స్ కార్డు 99 శాతం పనిచేస్తూ రొప్పుతుంది, ప్రాసెసర్‌కు ఊపిరి మిగులుతుంది. రెండో ఆటలో ఊరు పెరిగి లక్ష జనాభాకు చేరేసరికి కార్డు సగం ఖాళీ, ప్రాసెసర్ కిందపడి దొర్లుతుంది. యంత్రం అదే, కుర్చీ అదే. ఆట మారగానే లోటు ఇంకో గదిలోకి వెళ్ళి కూర్చుంది.

అందుకే ‘ఏ కార్డు కొనమంటారు’ అని ఎవరైనా అడిగితే ‘ఏం ఆడతావు’ అని తిరిగి అడగాలి. ఈ ప్రశ్న వెయ్యకుండా సలహా ఇచ్చేవాణ్ణి నేను నమ్మను.

దీన్ని చూడటానికి పైసా ఖర్చులేదు. ఆట నడుస్తుండగా తెర మూలన అంకెలు చూపించే ఉచిత పనిముట్లున్నాయి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ ఉండనే ఉంది. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. ప్రాసెసర్ వాడకం 60 శాతం అని కనిపిస్తే ఇంకా నలభై మిగిలిందనుకుంటాం. అది సగటు. నాలుగు కోర్లలో ఒకటి నూటికి నూరు పనిచేస్తూ, తక్కినవి సగం సేపు దాని జవాబు కోసం కూర్చున్నా సగటు ఇంచుమించు అంతే చూపిస్తుంది. కోర్లను విడివిడిగా చూస్తే గానీ గుట్టు బయటపడదు. అలాగే గ్రాఫిక్స్ కార్డు అంకె 95 దాటితే అది తన శక్తికొద్దీ పనిచేస్తోందని, 60 దగ్గర తచ్చాడుతుంటే ఎవరో దాన్ని ఆపుతున్నారని అర్థం.

జీన్ ఆమ్‌డాల్ ఈ సంగతిని 1967లోనే లెక్కగట్టి చెప్పాడు. ఐబీఎం వారి సిస్టమ్ 360 కంప్యూటర్ల నిర్మాణానికి ముఖ్య రూపకర్త ఆయన. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా, వేగం చెయ్యని భాగం దగ్గర ఆగిపోక తప్పదన్నది దాని సారం. ఒక ఆట తెరుచుకోవడానికి వంద సెకన్లు పడుతోందనుకుందాం. అందులో ఎనభై డిస్క్‌వి, ఇరవై ప్రాసెసర్‌వి. ప్రాసెసర్ వేగం రెట్టింపు చేస్తే ఆదా అయ్యేది పది సెకన్లు. డిస్క్ పదింతలు చురుకైతే డెబ్బై రెండు. డబ్బు రెండింటికీ దాదాపు ఒకటే కావచ్చు, కొన్నిసార్లు డిస్క్‌కే తక్కువ. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్‌లో కావలసిన ముక్క ముల్లు కిందికి రావడానికే సగటున నాలుగు మిల్లీసెకన్లు పోతాయి. ముల్లు అటూ ఇటూ కదలడానికి పట్టేది దానిమీద అదనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. ఆ మార్పు నేను ఎప్పుడో చేసేశాను కాబట్టి దాని గురించి ఇంతే. ఇప్పటికీ చెయ్యనివారు తక్కినదంతా చదవకుండా ముందు ఆ పని చూసుకోవచ్చు.

చాలామంది అప్‌గ్రేడ్ అంటే లోటును తీసిపారెయ్యడం అనుకుంటారు. లోటు పోదు. కార్డు మారిస్తే ప్రాసెసర్ దగ్గరికి, ప్రాసెసర్ మారిస్తే ర్యామ్ దగ్గరికి, అన్నీ మారిస్తే మానిటర్ దగ్గరికి కాపురం మారుస్తుంది. కాబట్టి అదెక్కడ ఉంటే మనం భరించగలమో తేల్చుకుని, అక్కడ దానికో చోటు చూపించాలి. నామటుకు నేను దాన్ని గ్రాఫిక్స్ కార్డులోనే ఉంచుతాను. దానికి కారణం ఉంది. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. కార్డు చాలకపోతే ప్రతి బొమ్మా కాస్త కాస్త ఆలస్యమవుతుంది, అన్నీ ఇంచుమించు ఒకేలా. కన్ను దానికి అలవాటుపడుతుంది. పైగా నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గిస్తే సర్దుకుంటుంది. ప్రాసెసర్ చాలకపోతే తొంభై బొమ్మలు చకచకా వచ్చి, తర్వాతిది ఉన్నట్టుండి ఇరుక్కుంటుంది. సగటు అంకె చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, చేతికి మాత్రం గతుకుల రోడ్డే. దానికి సెట్టింగుల్లో మందు దాదాపుగా లేదు.

ఖర్చు పెట్టేముందు ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. వాటిని దాటవేసి దుకాణానికి పరుగెత్తడం మన జాతీయ అలవాటు. పక్క రేకు విప్పి చూస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద బూడిదరంగు దూది పరుపు ఒకటి పేరుకుని ఉంది. పాత పెయింటు బ్రష్షుతో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టాను. హైదరాబాద్ మే నెలలో ఏసీ లేని గదిలో ఆడేవాడికి ఇది చిన్న విషయం కాదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, ఆ తగ్గుదలను మనం వృద్ధాప్యం అనుకుంటాం. ఇక ర్యామ్ సంగతి. పెట్టె మీద రాసిన వేగంతో అది దానంతటది నడవదు. బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే మీట వేస్తే తప్ప కొన్ననాటి నుంచి తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా నడుస్తున్న యంత్రాలు మన ఇళ్ళలో కోకొల్లలు.

ఆ తర్వాత సెట్టింగులు. అల్ట్రా నుంచి హైకి దిగితే తేడా కనిపెట్టడానికి రెండు బొమ్మల్ని ఆపి పక్కపక్కన పెట్టి చూడాలి. పరుగెత్తుతూ కాల్చేటప్పుడు గోడ మీది నీడ అంచు మెత్తగా ఉందా గరుగ్గా ఉందా అని చూసేవాడు ఎలాగూ చస్తాడు. ఏఎండీ వాళ్ళు 2021 జూన్‌లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే పద్ధతి ఇంకా మేలు చేసింది. తక్కువ చుక్కలతో బొమ్మ గీసి, దాన్ని పెద్దదిగా సాగదీసి సవరిస్తుంది. 1080పీ తెర మీద ఇరవై లక్షల డెబ్బైమూడు వేల పైచిలుకు చుక్కలుంటాయి. 720పీలో గీస్తే తొమ్మిది లక్షల ఇరవై వేల చిల్లరే, అంటే సగం కూడా కాదు. ఏఎండీ వాళ్ళు ఈ పద్ధతిని తమ కార్డులకే పరిమితం చెయ్యకుండా ఎన్‌విడియా పాత కార్డుల మీద కూడా నడవనిచ్చారు. నా 1050 టీఐకి చివరి రోజుల్లో కొత్త ఊపిరి పోసింది దాన్ని చేసిన కంపెనీ కాదు, పోటీ కంపెనీ.

వీటితో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, నేనూ నెట్టుకొచ్చాను. కానీ కొన్ని తలుపులకు సర్దుబాటు ఉండదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట కాంతి కిరణాల లెక్కకు ప్రత్యేక యంత్రాంగం ఉన్న కార్డు లేనిదే తెరుచుకోదు. సెట్టింగ్ తగ్గించి బతిమాలుకోవడానికి అక్కడ కిటికీ కూడా లేదు.

ఇక్కడి నుంచి సన్యాసి గోచీ కథ మొదలవుతుంది. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుకు గడ్డి కోసం పొలం, పొలం చూడటానికి పెళ్ళాం. కార్డు కొంటే దానికి కరెంటు చాలదు, ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. పెద్ద కార్డు పాత క్యాబినెట్‌లో పట్టదు. కార్డు పెరిగితే ప్రాసెసర్ వెనకబడుతుంది, కొత్త ప్రాసెసర్‌కు కొత్త బోర్డు, కొత్త బోర్డుకు కొత్త రకం ర్యామ్. ఇంత చేశాక 60 హెర్ట్జ్ మానిటర్ ఏమిటి నామోషీగా అని ఇంకొకడు అంటాడు. చివరికి లెక్క చూస్తే పాతదాంట్లో మిగిలింది మౌస్.

ఈ గొలుసులో నాకు కలిసొచ్చింది సాకెట్. ఇంటెల్ వాళ్ళు 2013లో 1150, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700 అంటూ కాళ్ళ లెక్క మారుస్తూ పోయారు. మధ్యలో 2017లో కాళ్ళ లెక్క 1151గానే ఉంచి కూడా కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో పనిచెయ్యకుండా చేశారు. ఏఎండీ ఏఎం4 సాకెట్ మాత్రం మొదటి రైజెన్ నుంచి 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600 దాకా ఒక్కటే. 2017 నాటి బోర్డులకు ఆ చివరి తరాన్ని ఇవ్వడానికి వాళ్ళూ చాలాకాలం నానబెట్టారు, 2022లో గానీ సరేననలేదు. ఇచ్చారు, అది చాలు. నాలుగు కోర్ల చోట ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు. విండోస్ 11 జాబితాలో పేరు కూడా ఉంది. గోచీకి కాపలా పెట్టే ఖర్చులో కొత్త బోర్డు, కొత్త రకం ర్యామ్ రెండూ తప్పాయి.

కానీ ముందు బయోస్ మార్చాలి, అదీ పాత ప్రాసెసర్ ఉండగానే. కొత్తదాన్ని పెట్టాక మారుద్దామంటే పాత బయోస్‌కు అదెవరో తెలియదు, తెర వెలగదు. మారుస్తుండగా కరెంటు పోతే కొండనాలుకకు మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నట్టే. యూపీఎస్ నిండా చార్జింగ్ ఉందో లేదో చూసుకుని, ఇంట్లో గీజరు వెయ్యొద్దని చెప్పి కూర్చున్నాను. ఆ కాసేపు మా ఇంట్లో ఎవరూ మిక్సీ కూడా ముట్టుకోలేదు. తర్వాత కూలర్ తియ్యడం ఇంకో గండం. ఏఎం4లో సన్నటి కాళ్ళు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1,331. పాత పేస్ట్ బంకగా పట్టుకుంటే కూలర్‌ను పైకి లాగగానే సాకెట్ తాళం తియ్యకముందే ప్రాసెసర్ కూడా దానితోపాటు ఊడి వస్తుంది. కాళ్ళు వంగితే కథ కంచికి. కాసేపు ఆట నడిపి యంత్రాన్ని వేడెక్కించి, ఆపి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి, జారుతున్నట్టు అనిపించాక ఎత్తాలి. ఆ జారడం వేళ్ళకు తెలుస్తుంది.

కార్డు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాను. సీటీసీ అంటే జంటనగరాల్లో కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. నాకు కావలసింది 2021 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ జ్ఞాపకం, 132 వాట్లు, 1080పీ తెరకు సరిగ్గా సరిపోయేది. కొత్తది నా లెక్కకు మించుతుంది, అందుకని వాడినది. అదే వరసలో 6500 ఎక్స్‌టీ ఇంకా చవగ్గా దొరుకుతుంది. అది చూసి మురిసిపోకూడదు. బోర్డుతో మాట్లాడుకోవడానికి దానికి ఇచ్చింది నాలుగు దారులే. కొత్త బోర్డుల్లో ఆ నాలుగూ వేగంగా నడుస్తాయి కాబట్టి బండి లాగిస్తుంది. నా పాత బోర్డులో ఒక్కో దారి వేగం సగం. పాత యంత్రం ఉన్న పేదవాడి కోసం చేసిన కార్డు పాత యంత్రంలోనే సరిగా నడవకపోవడం, అదీ సంగతి.

‘మైనింగ్‌ది కాదన్నా, ఒట్టు. ఒక్క పోరడు గేమ్ ఆడుకున్నడు, ఎమ్మెస్‌కు అమెరికా పోయిండు,’ అన్నాడు దుకాణం కుర్రాడు. సీటీసీలో పాత కార్డు అమ్మినవాళ్ళంతా అమెరికాలోనే ఉన్నారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డులతో పని లేకుండా చేసుకున్నాక, అప్పటిదాకా రాత్రింబగళ్ళు నాణేలు తవ్విన కార్డులన్నీ సంతకొచ్చాయి. తవ్వినంత మాత్రాన కార్డు చెడిపోవాలని లేదు, కాకపోతే ధర అడిగేటప్పుడు నిజం తెలిసుండాలి. ‘తమ్ముడూ, ఇటివ్వు ఓసారి,’ అని తీసుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టి చూశాను. వేడి మెత్తల నుంచి కారిన నూనె బోర్డు అంచుల్లో మెరుస్తోందా, మరల తలలు చెక్కుకుపోయి ఉన్నాయా, ఫ్యాను రెక్కను వేలితో మీటితే నిమ్మళంగా తిరిగి ఆగుతోందా, గరగరమంటోందా. ఒక మర మీద గీత ఉంది. ‘విప్పినట్టున్నారే?’ అన్నాను. ‘పేస్ట్ మార్చినమన్నా, మంచికే,’ అన్నాడు. అయి ఉండవచ్చు. వాళ్ళ బెంచి మీదే తగిలించి ఓ అరగంట నిండు బరువుతో నడిపించి, వేడి అంకె ఒకచోట స్థిరపడ్డాక, ఆ గీత చూపించి ఓ వెయ్యి తగ్గించుకున్నాను.

ఎస్‌ఎంపీఎస్ గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది, అది అన్ని వోల్టేజీలూ కలిపి కాగితం మీద వేసిన మొత్తం. కార్డుకు, ప్రాసెసర్‌కు కావలసింది 12 వోల్టుల లైనులో ఎంతుందన్నది. ఆ అంకె చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆశ్చర్యపోయేంత తక్కువగా. 1050 టీఐ 75 వాట్లతో బోర్డు స్లాటు నుంచే కరెంటు తాగి బతికింది కాబట్టి ఇన్నేళ్ళు ఈ సంగతి బయటపడలేదు. వాపును చూసి బలుపు అనుకోవడానికి కంప్యూటర్ బజారులో ఇంతకు మించిన సరుకు లేదు. ఇక్కడ మాత్రం పేరున్న కంపెనీది, కొత్తది, పెట్టెలోంచి తీసినదే కొన్నాను. ఇది పోయేటప్పుడు ఒంటరిగా పోదు.

మిగిలింది ఇంకో 8 జీబీ ర్యామ్. రెండు జతగా ఉంటే ప్రాసెసర్‌కు దారి రెట్టింపు వెడల్పవుతుంది. ఇది అన్నిటికంటే చవకైన పని అని అందరికీ చెబుతూ వచ్చినవాణ్ణి. 2025 చివరికి ఆ మాట చెల్లకుండా పోయింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల్ని అటు లాక్కున్నాయి, ధరలు ఎగబాకాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ ఏకంగా మనబోటి వాళ్ళకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు ప్రకటించింది. మా ఇంటి మూల గదిలోని లోటుకు మూలం ఎక్కడో ఏ ఎడారిలోనో లేస్తున్న షెడ్డులో ఉందన్నమాట. సీటీసీ మెట్ల పక్కన వాడిన ర్యామ్ అమ్మే ఆయన దగ్గర అదే వేగంది ఒకటి దొరికింది. ధర అడిగితే ‘పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సార్, ఇప్పుడైతే ఇది,’ అన్నాడు బంగారం దుకాణం వాడి నిబ్బరంతో.

మానిటర్ మార్చలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను గట్టిగా నిలబడ్డ చోటు అదొక్కటే. అది సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది, అంతకుమించి గీసినా చూసేవాడు లేడు. 144 హెర్ట్జ్ తెర తెస్తే ఇవాళ సరిపోతున్న కార్డు రేపటికి చాలదు, ప్రాసెసర్ మళ్ళీ వార్తల్లోకొస్తుంది. పోటీ ఆటలు ఆడే కుర్రాళ్ళకు అది అవసరమే, కాదనను. ఊళ్ళు కట్టుకునే నాకు 60 ఒక హద్దురాయి. సన్యాసి ఎలుకలకు గోచీ కాస్త కొరకనిచ్చి ఉంటే పొలం గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు సైబర్‌పంక్‌లో కార్డు 97 శాతం దగ్గర కష్టపడుతుంది, ప్రాసెసర్ తీరిగ్గా ఉంటుంది. కోరి కూర్చోబెట్టిన చోటే లోటు కూర్చుంది. లక్ష జనాభా ఊళ్ళో బస్సులు కదులుతున్నాయి.

ఖాళీ అయిన 1050 టీఐని తెనాలిలో ఉన్న మా అక్క కొడుక్కి పంపాను. ఆఫీసులు వదిలించుకున్న సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి వాడు చవగ్గా కొనుక్కున్నాడు. అదనపు కరెంటు తీగ అక్కర్లేని కార్డు కాబట్టి దాని చిన్న ఎస్‌ఎంపీఎస్‌కు సరిపోతుందని నా లెక్క, వాడి సంబరం. కొరియర్ అందిన సాయంత్రమే ఫోన్ చేశాడు.

‘మావయ్యా, స్లాట్ సరిపోయింది గానీ కార్డు ఎత్తు ఎక్కువైంది. ఇది సన్న డబ్బా కదా, మూత పడట్లేదు.’

‘మూత తీసి వాడుకోరా కొన్నాళ్ళు.’

‘అమ్మ ఒప్పుకోవట్లేదు, బల్లులొస్తాయంటోంది. క్యాబినెట్ మార్చేస్తే?’

‘దాని బోర్డు మామూలు క్యాబినెట్లో బిగియదురా, మరల కంతలు వేరు.’

‘అయితే బోర్డు కూడా మార్చాలా?’

‘ముందు నీ దగ్గర ఎంతుందో చెప్పు,’ అన్నాను.